గీజరులో పోసేది ఏ నీళ్ళు?

అవనిగడ్డలో మా అక్కయ్య ఇంటి వరండాలో గోనెసంచి పరిచి, గోడ మీంచి దించిన గీజరును దాని మీద బోర్లించాడు మెకానిక్కు కుర్రాడు. అడుగున ఉన్న ప్లాస్టిక్ మూత తీశాడు. నట్లు విప్పి ఎలిమెంట్ పట్టుకుని లాగితే రాలేదు. ట్యాంకును మోకాళ్ళ మధ్య పెట్టుకుని మళ్ళీ లాగాడు. గరగరమంటూ వచ్చింది. దాంతోపాటే తెల్లటి పెచ్చులు బొలబొలా గోనె మీద పడ్డాయి. కొన్ని కోడిగుడ్డు పెంకంత పల్చన, కొన్ని చిటికెన వేలంత మందం. ఏరి మగ్గులో వేస్తే ముప్పాతిక మగ్గు నిండింది. ఎలిమెంట్ చుట్టూ సున్నం ఎంత పట్టిందంటే లోపల రాగి గొట్టం వంపు కూడా కనబడలేదు.

"ఏం అబ్బాయ్, ఇది బాగవుద్దా, కొత్తది కొనుక్కోమంటావా?" అంది అక్కయ్య.

అతను ఎలిమెంట్‌ను వెలుతురులో తిప్పి చూస్తూ, "కొనుక్కుంటే కొనుక్కోండమ్మా. ఈ నీళ్ళే పోస్తే మూడేళ్ళకి అదీ ఇట్టాగే అయిద్ది," అన్నాడు.

ఆ మాట విన్నప్పటి నుంచి బందరులోనూ, గుడివాడలోనూ, దివిసీమలోనూ మా చుట్టాల ఇళ్ళలో ఎక్కడ గీజరు విప్పుతున్నా వెళ్ళి పక్కన కూర్చుంటున్నాను. నాకు అర్థమైనదాన్నిబట్టి, బాగుచేయించాలా మార్చాలా అన్నది మన ప్రాంతంలో రెండో ప్రశ్న. దాంట్లోకి ఏ నీళ్ళు పోతున్నాయన్నది మొదటిది. ఆ మొదటి ప్రశ్న కొనేవాళ్ళు అడగరు, అమ్మేవాళ్ళు అడగరు. ఫలితంగా పదేళ్ళు రావలసిన వస్తువు నాలుగేళ్ళకే పాతసామాన్ల బండి ఎక్కుతోంది.

మనకు దొరికే నీళ్ళు రెండు రకాలు. ఒకటి కాలవ నీళ్ళు. 1850ల్లో బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టిన దగ్గర్నుంచీ, 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజి వచ్చాకా, ఈ దిగువ డెల్టా బతుకంతా కాలవల మీదే. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల పుణ్యమా అని గోదావరి నీళ్ళు కూడా వాటిలో కలిసి వస్తున్నాయి. కాలవలు కట్టేసే వేసవికి ముందే చెరువులు నింపుకుంటాం; బందరుకు తరకటూరు చెరువు అలాంటిదే. కుళాయిల్లోకి వచ్చే ఈ నీళ్ళలో బురద ఉంటుందేమో గానీ ఉప్పు తక్కువ, సున్నం తక్కువ. సబ్బు రుద్దితే నురగ వస్తుంది, పప్పు ఉడుకుతుంది.

రెండోది బోరు నీళ్ళు. డెల్టా చివరి నేల సముద్రం వెనక్కి జరుగుతూ ఉండగా నది తెచ్చి పోసిన ఒండ్రు. ఆ పొరల్లో అప్పుడు ఇరుక్కున్న ఉప్పునీరు చాలాచోట్ల ఇంకా అక్కడే ఉంది. ఇసుక దిబ్బల మీదా, పాత నదీపాయలు పారిన చోట్లా పైపైన మంచినీళ్ళు పడతాయి. కక్కుర్తిపడి ఇంకాస్త లోతుకు దించితే ఉప్పు తగులుతుంది. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి బావులన్నీ సముద్రపు నీళ్ళతో నిండాక గుక్కెడు మంచినీళ్ళ కోసం పడిన పాట్లు దివిసీమ పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఉప్పునీళ్ళంటే ఏమిటో ఈ నేల మీద ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. అయినా గీజరు దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివిడి పనికి రావడం లేదు.

కారణం మన ఇళ్ళలో పైపులు వేసిన తీరు. తాగడానికి క్యాన్ నీళ్ళు, వంటకు కుళాయి నీళ్ళు, మిగతా అన్నిటికీ బోరు. మేడ మీద పెద్ద ట్యాంకు నింపేది బోరు మోటారే. స్నానాల గదికి వచ్చే పైపు ఆ ట్యాంకుదే. ప్లంబరు గీజరును దానికే కలుపుతాడు, ఇంకో పైపు అక్కడ లేదు కాబట్టి. కూరలోకి పనికిరావని మనం పక్కన పెట్టిన నీళ్ళను, ఇంట్లో నీళ్ళ మంచిచెడ్డలు అందరికంటే ఎక్కువగా పట్టించుకునే వస్తువులో పోస్తున్నాం.

ఈ బోరు నీళ్ళలో గీజరుకు శత్రువులు ఇద్దరు. ఇద్దరినీ కలిపి "ఉప్పునీళ్ళు" అనేస్తాం గానీ వాళ్ళ పనులు వేరు. మొదటిది సున్నం, అంటే కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బడిలో కఠినజలం అని చదువుకున్నది దీన్నే. నీళ్ళు వేడెక్కేకొద్దీ ఈ సున్నం కరిగి ఉండలేక గట్టిపడి, అన్నిటికంటే వేడిగా ఉన్న చోట, అంటే ఎలిమెంట్ మీద పేరుకుంటుంది. రెండోది అసలు ఉప్పు, క్లోరైడు. అది పెచ్చు కట్టదు. కనిపించకుండా స్టీలును తింటుంది. తాగునీటి భారతీయ ప్రమాణం ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా సర్దుకోవచ్చు. క్లోరైడుకు ఆ హద్దులు 250, 1000. ఇవి మనిషి తాగడానికి పెట్టిన హద్దులు. గీజరు అంత ఓర్చుకోలేదు.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పెన్నులాంటి టీడీఎస్ మీటరు ముంచి, అంకె పెద్దగా వచ్చింది కాబట్టి సాఫ్ట్‌నర్ పెట్టిస్తారు. ఆ మీటరు కరిగిన లవణాలన్నిటినీ కలిపి చెబుతుంది. అందులో సున్నమెంత, ఉప్పెంత అన్నది చెప్పలేదు. సాఫ్ట్‌నర్ చేసేది సున్నాన్ని తీసి దాని స్థానంలో సోడియం పెట్టడం. ఎలిమెంట్ మీద పెచ్చు కట్టడం తగ్గుతుంది, నిజమే. క్లోరైడు మాత్రం ఎక్కడికీ పోదు. ట్యాంకు తుప్పు పట్టడం ఆగదు, లోపలి మెగ్నీషియం రాడ్డు (దాని సంగతి తర్వాత చెబుతాను) కరగడం కూడా తగ్గదు. అందుకే గుడివాడలో సున్నం ఎక్కువగా ఉన్న బోరుకు సాఫ్ట్‌నర్ పెట్టించి సుఖపడ్డవాళ్ళను చూశాను గానీ, కోడూరు, నాగాయలంక వైపు ఉప్పు బోరుకు అది ఖర్చు దండగ అని నా అభిప్రాయం. పైపు చుట్టూ అయస్కాంతం బిగిస్తే సున్నం పట్టదని చెప్పి అమ్మేవాటి మీద నాకు ఏమాత్రం నమ్మకం లేదు.

సున్నం గురించి రాస్తుంటే బందరు చీరలు గుర్తొస్తాయి. ఒకప్పుడు దేశదేశాలకు వెళ్ళిన ఇక్కడి అద్దకాల ఎరుపు చిరువేరు నుంచి వచ్చింది. గవ్వలూ గుల్లలూ కలిసిన ఈ తీరపు ఇసుక నేలల్లో పెరిగిన వేరుకు మంచి పేరు ఉండేది. పటికతోపాటు కాల్షియం అందితేనే ఆ ఎరుపు నిగ్గు తేలుతుంది. పెడన అద్దకం పనివాళ్ళను అడిగితే ఏ నీళ్ళలో ఉడికిస్తే, ఏ నీళ్ళలో జాడిస్తే రంగు ఎలా తేలుతుందో ఇప్పటికీ చెబుతారు. నీళ్ళను చూసి పని మొదలుపెట్టడం ఈ ప్రాంతపు పనివాళ్ళకు ఎప్పటినుంచో ఉన్న అలవాటు. గీజరు బిగించే పనిలోకి అది ఇంకా రాలేదు.

సున్నం పట్టిన ఎలిమెంట్ కరెంటు ఎక్కువ తాగుతుందని అందరూ అంటారు. అది దాదాపు అపోహ. ఎలిమెంట్ నీళ్ళలోనే మునిగి ఉంటుంది; దాని వేడి కాస్త ఆలస్యంగానైనా నీళ్ళలోకే పోవాలి, ఇంకో దారి లేదు. నష్టం వేరే చోట ఉంది. పెచ్చు కట్టిన ఎలిమెంట్ తన వేడిని వదిలించుకోలేక లోలోపల మరీ కాలిపోతుంది. ఒకరోజు దాని పై తొడుగు పగులుతుంది. నీళ్ళు లోపలికి పోతాయి, కరెంటు నీళ్ళలోకి వస్తుంది. బిల్లు భయం కంటే ఈ భయం ఉండాలి.

బిల్లు లెక్క కూడా చూద్దాం. 25 డిగ్రీల నీళ్ళను 60 డిగ్రీలకు కాచాలంటే 25 లీటర్ల ట్యాంకుకు ఇంచుమించు ఒక యూనిట్ కావాలి. రెండు కిలోవాట్ల ఎలిమెంట్‌కు అది అరగంట పని. నలుగురున్న ఇంట్లో చలికాలం రోజుకు రెండు ట్యాంకులు కాచినా నెలకు 60 యూనిట్లు. 2022-23 టారిఫ్‌లో 126 నుంచి 225 యూనిట్ల శ్లాబుకు యూనిట్ 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8 రూపాయల 75 పైసలు. సర్దుబాటు చార్జీలు కలపకుండా ఆ అరవై యూనిట్ల ఖరీదు 360 నుంచి 525 రూపాయలు. మన చలి ఎన్నాళ్ళు? కార్తీకం చివర మొదలై మాఘం వెళ్ళేసరికి పోతుంది. పాత గీజరు బాగానే పనిచేస్తుంటే, కొత్తదాని మీద నక్షత్రాలు ఎక్కువ ఉన్నాయని దాన్ని పారేయకండి. ఆ నక్షత్రాలు కొలిచేది కాగిన నీళ్ళ వేడిని ట్యాంకు ఎంతసేపు పట్టి ఉంచుతుందన్న ఒక్క సంగతినే. రోజంతా స్విచ్చి వేసి ఉంచే ఇంటికి అది ఆదా. అరగంట వేసి, స్నానాలు కాగానే ఆపేసే మనబోటి ఇళ్ళకు అందులో మిగిలేది చాలా తక్కువ.

అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫోన్లో ఇచ్చే సలహాలు ఇక్కడ సరిపోనిదీ అందుకే. అక్కడ గరాజులోనో బేస్‌మెంట్‌లోనో దాదాపు రెండు వందల లీటర్ల ట్యాంకు పగలూ రాత్రీ వేడిగానే ఉంటుంది. నీళ్ళు పురపాలక సంఘం శుద్ధి చేసి పంపినవి. అక్కడ పదేళ్ళు దాటితే మార్చెయ్యమంటారు. మన దగ్గర వయసు చూసి లాభం లేదు. బోరు నీళ్ళు తాగిన మూడేళ్ళ గీజరు ముసలిది, కాలవ నీళ్ళు తాగిన పదేళ్ళది పడుచు.

ఇప్పుడు రాడ్డు సంగతి. ఈ వ్యాసంలో ఏదైనా ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే ఇదే గుర్తుపెట్టుకోండి.

ట్యాంకు లోపల ఎలిమెంట్ పక్కనే బొటనవేలంత లావున ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. కంపెనీవాళ్ళు యానోడ్ అంటారు, మెకానిక్కులు మెగ్నీషియం రాడ్డు అంటారు. స్టీలుకు ముందు తాను కరిగిపోవడమే దాని పని. ఉప్పునీళ్ళలో రెండు లోహాలు కలిసి ఉంటే వాటిలో తేలిగ్గా కరిగేది ముందు కరుగుతుంది, రెండోది బతుకుతుంది. ఈ కిటుకును ఓడలకు వాడిచూసినవాడు ఇంగ్లండు శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ. సముద్రపు నీళ్ళకు తినిపోతున్న ఓడల అడుగు రాగిరేకులకు ఇనుప ముక్కలో తుత్తునాగం ముక్కలో తగిలిస్తే రాగి నిలుస్తుందని ఆయన 1824లో చూపించాడు. ఇప్పటికీ స్టీలు ఓడల అడుగున తుత్తునాగం దిమ్మలు బిగిస్తారు, అరిగాక మారుస్తారు. 1611లోనే ఇంగ్లీషువాళ్ళు కోఠీ పెట్టుకున్న రేవు మనది. ఓడ అడుగుకు చేసే మరమ్మతూ గీజరు లోపల చెయ్యాల్సిన మరమ్మతూ ఒకటేనని చెబితే బందరులో ఎవరికైనా ఇట్టే అర్థం కావాలి.

అక్కయ్య ఇంట్లో ఆ రాడ్డు స్థానంలో పెన్సిలు ముల్లులాంటి ఇనుప తీగ మాత్రమే మిగిలింది. అక్కడక్కడ బూడిదరంగు బుడిపెలు. ఎప్పుడు కరిగిపోయిందో ఎవరికీ తెలియదు, ఎందుకంటే అయిదేళ్ళలో ఒక్కసారి కూడా విప్పలేదు. వేడినీళ్ళు వస్తున్నంతకాలం ఎవరు విప్పుతారు? రాడ్డు అయిపోయినా నీళ్ళు మామూలుగానే కాగుతాయి. అదే ఇందులో ఉన్న ప్రమాదం. అది లేని రోజు నుంచి ఉప్పు ట్యాంకు మీద పడుతుంది. బోరు నీళ్ళ ఇంట్లో ఏడాదికోసారి తీసి చూడాలి, సగానికి పైగా అరిగితే మార్చాలి. కుళాయి నీళ్ళయితే రెండేళ్ళకోసారి చూడవచ్చు. రాడ్డు ఖరీదు కొన్ని వందలు. కొత్త గీజరు ఏడెనిమిది వేల నుంచి పన్నెండు వేల దాకా.

ఆ కొన్ని వందల రాడ్డు దొరకడం కష్టం. ఒక్కో కంపెనీ మర ఒక్కో కొలత. గుడివాడలోనో బందరులోనో కొట్టుకు వెళ్ళి అడిగితే గీజరు ఉంది గానీ రాడ్డు లేదంటారు, విజయవాడ నుంచి తెప్పించాలంటారు. గీజర్లు అమ్మే ప్రతి కొట్టూ ఈ రాడ్లు రెండు మూడు కొలతల్లో నిలవ ఉంచాలి. ఉప్పునీళ్ళ ఊళ్ళలో అమ్ముతూ అది ఉంచకపోవడం నాకు అన్యాయంగా తోస్తుంది. కొనే రోజే గీజరుతోపాటు ఇంకో రాడ్డు అదనంగా అడిగి తీసుకోండి.

ఇంకో సంగతి. కొన్ని ఇళ్ళలో వేడినీళ్ళు కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తాయి. చన్నీళ్ళు వేయవు. నీళ్ళలోని సల్ఫేటు మీద బతికే సూక్ష్మజీవులు మెగ్నీషియం రాడ్డు దగ్గర చేరితే ఇలా అవుతుంది. అది చూసి గీజరు చెడిపోయిందనుకుని మార్చేవాళ్ళున్నారు. ట్యాంకు కడిగించి, ఒకసారి నీళ్ళు బాగా మరిగించి వదిలి, అల్యూమినియం-జింకు రాడ్డు వేయిస్తే చాలావరకు పోతుంది. రాడ్డే తీసేయించడం మాత్రం చెయ్యకూడదు.

ట్యాంకుల్లో మన కొట్లలో కనిపించేవి ముఖ్యంగా రెండు రకాలు. స్టీలు లోపల గాజు పూత పూసినవి, పూత లేని స్టెయిన్‌లెస్ స్టీలువి. స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టనిదని అనుకుంటాం. వేడి ఉప్పునీళ్ళలో మామూలు 304 రకం స్టీలు అంత నమ్మదగింది కాదు. క్లోరైడు దానికి సూదిపోటంత బెజ్జాలు పెడుతుంది. మాలిబ్డినం కలిసిన 316 రకం మెరుగు. నన్నడిగితే మన బోరు నీళ్ళకు గాజు పూత ట్యాంకు, లావుపాటి రాడ్డు, ఇంకలాయ్ అనే మిశ్రలోహపు తొడుగు లేదా గాజు పూత ఉన్న ఎలిమెంట్ ఉన్నదే నయం, రాడ్డు ఏటా చూసుకునే ఓపిక ఉంటేనే. మేడలేని ఇంటికి, ఒక అంతస్తు ఇంటికి ఎనిమిది బార్ల ఒత్తిడి తట్టుకుంటుందన్న గొప్పకు డబ్బు పెట్టక్కర్లేదు. పది మీటర్ల ఎత్తున ట్యాంకు ఉంటేనే ఒక బారు వస్తుంది.

నా మొదటి గీజరు స్టెయిన్‌లెస్‌దే. బందరు ఇంట్లో బోరు నీళ్ళకు కలిపించాను. మూడో చలికాలం ఒక ఉదయం గోడ మీద తడి చార కనిపించింది. ట్యాంకుకు అయిదేళ్ళ గ్యారంటీ ఉంది కదా అని ధీమాగా ఫోన్ చేశాను. పది రోజులకు మనిషి వచ్చి, నీళ్ళలో మీటరు ముంచి, ఈ నీళ్ళకు గ్యారంటీ వర్తించదని కాగితం రాసిచ్చి వెళ్ళాడు. కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఆ షరతు నిజంగానే ఉంది. నా కోపమల్లా అమ్మిన రోజు మీది బోరా కుళాయా అని ఒక్క మాట అడగనందుకు. కాగితం మీద షరతు ఉన్నా కొన్నవాడికి దారులు పూర్తిగా మూసుకుపోవు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ఉంది, 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్ మన బందరులోనే ఉంది. నేను అప్పుడు వెళ్ళలేదు. బిల్లు కాగితం పోగొట్టుకున్నాను. మీరు బిల్లూ, కార్డూ ఫోటో తీసి పెట్టుకోండి.

సరే, రెండో ప్రశ్నకు వద్దాం. ఏది బాగవుతుంది, ఏది కాదు?

ట్యాంకు ఒక్కటే బాగవనిది. నీళ్ళు ఎక్కడి నుంచి కారుతున్నాయో ముందు చూడాలి. పైపు బిగించిన చోట కారితే అది ప్లంబరు పని. ఎలిమెంట్ పళ్ళెం చుట్టూ కారితే రబ్బరు గాస్కెట్ మారిస్తే చాలు. మూత తీసినప్పుడు ట్యాంకు చుట్టూ ఉండే పసుపుపచ్చ నురగ తడిసి, ట్యాంకు ఒంటి మీంచే నీళ్ళు ఊరుతుంటే అది చిల్లు. వెల్డింగు చేయిస్తానంటే ఒప్పుకోకండి. ఆ వేడికి గాజు పూత పగిలిపోతుంది, నెలకే పక్కన ఇంకో చిల్లు పడుతుంది. దాన్ని మార్చాల్సిందే.

మిగతావన్నీ విడిభాగాలు. దీపం వెలిగి నీళ్ళు కాగకపోతే ఎలిమెంట్, మన మెకానిక్కుల మాటలో కాయిల్, తెగి ఉంటుంది. రెండు కిలోవాట్ల ఎలిమెంట్‌కు మీటరు పెడితే ఇంచుమించు 26 ఓములు చూపాలి. ఏమీ చూపకపోతే తెగినట్టు. కొనకూ పై తొడుగుకూ మధ్య ముల్లు కదిలితే కరెంటు దిగుతున్నట్టు. మీ కళ్ళ ముందు ఆ రెండు కొలతలూ చూపించమని అడగండి. మంచి మెకానిక్కు సంతోషంగా చూపిస్తాడు. కరెంటు వస్తున్నా దీపమే వెలగకపోతే థర్మోస్టాట్‌నో, వేడి మితిమీరితే కరెంటు ఆపే కటౌట్‌నో అనుమానించాలి. నీళ్ళు సలసలా మరిగి ఆవిరి కొడుతుంటే థర్మోస్టాట్ అతుక్కుపోయింది. ఆ రోజే ఆపెయ్యాలి. వోల్టేజి 180కి పడిపోతే ఏమీ కాలిపోదు. రెండు కిలోవాట్లు కాస్తా ఒకటింబావు కిలోవాట్ల లెక్కన పనిచేసి, ఎక్కువసేపు పడుతుంది, అంతే. పల్లెల్లో "గీజరు సరిగా కాగట్లేదు" అన్న ఫిర్యాదుల్లో ఇది చాలా ఉంటుంది.

సేఫ్టీ వాల్వు దగ్గర చుక్కచుక్కగా నీళ్ళు కారడం రోగం కాదు. 25 లీటర్ల నీళ్ళు అరవై డిగ్రీలకు కాగితే పావు లీటరుకు పైగా ఉబ్బుతాయి. ఆ నీళ్ళకు ఒక దారి కావాలి, వాల్వు ఇచ్చేది ఆ దారే. కారుతోందని దానికి మూత బిగించిన ఇళ్ళు నేను రెండు చూశాను. థర్మోస్టాట్ కూడా చెడిన రోజున ఆ ట్యాంకు పేలవచ్చు. చెడిన వాల్వును మార్చండి గానీ ఎప్పుడూ మూయకండి.

పెచ్చులు తీయడానికి కొందరు బాత్రూములు కడిగే యాసిడ్ పోస్తారు. అది సున్నంతోపాటు రాడ్డునూ స్టీలునూ తింటుంది. నిమ్మ ఉప్పు గోరువెచ్చటి నీళ్ళలో కలిపి, ఎలిమెంట్‌ను ఊడదీసి రాత్రంతా నానబెడితే చాలు. మా నాయనమ్మ రాగి కాగు చింతపండుతో తోమేది. చేసే పని ఒకటే, పులుపుతో సున్నాన్ని కరిగించడం. ఆ కాగులకు, నడుమ గొట్టం ఉన్న రాగి బాయిలర్లకు కొబ్బరి డొక్కలూ మట్టలూ వేసి మంట పెట్టేవాళ్ళు. ముప్పై నలభై ఏళ్ళు వచ్చేవి, ఎందుకంటే చెయ్యి పెట్టి తోమడానికి వీలుండేది. తోముకోగలిగేలా ఉండటం ఎంత పెద్ద గుణమో మూతబిగించిన ట్యాంకులు వచ్చాకే తెలిసింది. పాతకాలం పొయ్యిల మాట వచ్చింది కాబట్టి, వేడి నీళ్ళ పొయ్యికి గీజరన్న పేరు పెట్టినవాడు లండన్ నివాసి బెంజమిన్ మాన్. ఐస్‌లాండులో నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి ఊట పేరును 1868లో తన గ్యాస్ యంత్రానికి పెట్టుకున్నాడు. ఆ యంత్రానికి పొగ పోయే గొట్టం ఉండేది కాదు. దాన్ని తలచుకుంటే నేటి గ్యాస్ గీజర్లు గుర్తొస్తాయి: తలుపు మూసిన స్నానాల గదిలో గ్యాస్ గీజరు పెట్టకూడదు. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. పెట్టేదుంటే గది బయట గోడకు పెట్టాలి.

కరెంటు సంగతిలో రాజీ వద్దు. బకెట్లో వేసే హీటరు రాడ్డు ఇంకా మన ఇళ్ళలో విరివిగా ఉంది. స్విచ్చి ఆపకుండా నీళ్ళలో చెయ్యి పెట్టి ప్రాణాలు పోగొట్టుకున్న వార్త ప్రతి చలికాలం చదువుతూనే ఉన్నాం. పిల్లలున్న ఇంట్లో దాన్ని అసలు ఉంచకండి. గీజరు లైనుకు 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ పెట్టించడం కొత్త గీజరు కంటే ముందు చెయ్యాల్సిన ఖర్చు. ఎలిమెంట్ పగిలి కరెంటు దిగిన క్షణంలో అది లైను కట్ చేస్తుంది. అది పదేపదే పడిపోతుంటే చిరాకుపడి దాన్ని తీయించకండి, ఎలిమెంట్ చూపించండి. ఎర్తు సంగతి కూడా: మన ఉప్పు తేమ నేల కరెంటును బాగానే లాక్కుంటుంది గానీ ఎర్తు పైపును అంతే బాగా తినేస్తుంది. ఇల్లు కట్టిన రోజు పాతిన పైపు ఇప్పుడు నేలలో ఉందో లేదో తవ్వి చూడాలి. మా పక్కింట్లో తవ్వితే పైన క్లాంపు దగ్గర తీగ ఉంది, కింద పైపు చేత్తో పట్టుకుంటే పొడిపొడిగా రాలింది.

సోలారు సంగతి క్లుప్తంగా. ఎండ మనకు కొదవ లేదు. గాజు గొట్టాల రకం చవక. సున్నం వాటిని రాగి పలకల రకమంత త్వరగా మూసెయ్యదు, మూసినా కడగవచ్చు. కానీ తీరం గాలికి స్టాండు తుప్పు పడుతుంది, తుపాను గాలిలో కొబ్బరి మట్ట వచ్చి పడితే గొట్టాలు పగులుతాయి. సంవత్సరంలో మూడు నెలల అవసరానికి అంత పెట్టుబడి పెద్ద కుటుంబాలకు, పసిపిల్లలూ వృద్ధులూ ఉన్న ఇళ్ళకు సరిపోతుంది. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మేడ మీద కరెంటు తయారుచేసే పలకలు పెట్టించుకున్నవాళ్ళు మాత్రం వేడినీళ్ళకు వేరే సోలారు వెతుక్కోనక్కర్లేదు. మామూలు గీజరే చాలు.

ఇన్ని చెప్పాక, నేను సిఫారసు చేసేది ఒక పైపు. పంచాయతీ లేదా మున్సిపాలిటీ కుళాయి నీళ్ళకు రెండు వందల లీటర్ల చిన్న నల్ల ట్యాంకు ఒకటి స్నానాల గది పైన పెట్టించి, గీజరును దానికొక్కదానికే కలపాలి. బురద రాకుండా పైపు మొదట్లో జల్లెడ. వేడినీళ్ళలో కలుపుకునే చన్నీళ్ళు బోరువే కావచ్చు. మనిషి స్నానానికి పదీ పదిహేను లీటర్ల వేడినీళ్ళు చాలు కాబట్టి కుళాయి నీళ్ళు వృథా పోవు. ఇందులో మనకు కలిసొచ్చే సంగతి ఇంకొకటుంది. చలికాలానికి చెరువుల్లో నీళ్ళుంటాయి. కుళాయి సన్నగిల్లేది కాలవలు కట్టేసిన నడివేసవిలో, అప్పుడు గీజరుతో పని లేదు. ఉప్పు బోరు తప్ప దారిలేని ఇళ్ళు, సముద్రం దగ్గర, ఇంకా ఉన్నాయి. వాళ్ళు చెయ్యగలిగింది వేడిని 55, 60 డిగ్రీల దగ్గర ఆపడం. అరవై దాటితే సున్నమూ క్లోరైడూ రెండూ రెచ్చిపోతాయి. యాభైకి దిగువన మాత్రం ఉంచకండి, గోరువెచ్చటి నిలవ నీళ్ళలో లెజియోనెల్లా లాంటి బాక్టీరియా పెరుగుతుంది. మాఘం వెళ్ళాక ట్యాంకు ఖాళీ చేసి కడిగించడం, కార్తీకంలో మళ్ళీ వాడే ముందు వేడినీళ్ళ కుళాయి తిప్పి నీళ్ళు ధారగా వచ్చాకే స్విచ్చి వేయడం కూడా మరవకూడదు. ఖాళీ ట్యాంకులో వేసిన ఎలిమెంట్ నిమిషాల్లో కాలిపోతుంది.

అక్కయ్య గీజరు ట్యాంకుకు చిల్లు పడలేదు. కొత్త ఎలిమెంట్, రాడ్డు, గాస్కెట్, వాల్వు, కుర్రాడి కూలి, అన్నీ కలిపినా కొత్తదాంట్లో మూడోవంతు కాలేదు. చిన్న ట్యాంకు, పైపు ఆ వారమే పెట్టించింది. ఏడాది తిరిగాక ఈ కార్తీకంలో అదే కుర్రాడు వచ్చి మళ్ళీ విప్పాడు. ఎలిమెంట్ ఒక్క గుంజుకే వచ్చింది. దాని మీద తెల్లటి పొడి, గుడ్డతో తుడిస్తే పోయేంత. రాడ్డు మూడొంతులు మిగిలే ఉంది.

"ఇంకో ఏడాది నడుస్తదమ్మా," అని దాన్నే తిరిగి బిగించి, ట్యాంకు పక్కన మార్కరుతో తేదీ వేశాడు.